మగ్గం కట్టె రాల్చిన బండారి

ఒక ముసలమ్మను, ఒక దేవుణ్ణి, నువ్వుగింజలో సగం కూడా లేని ఒక పురుగును ఒకే దెబ్బకు ఇబ్బందిపెట్టిన మొనగాడు సూరత్ నగరంలో ఇంకెవరైనా ఉంటే చేయి ఎత్తండి. ఎత్తరు. ఆ ఘనత నా ఒక్కడిదే. ఏడో తరగతిలోనే చదువుకు దండం పెట్టి బయటపడ్డవాణ్ణి నేను. ఇంత పెద్ద పొరపాటు చేయడానికి కనీసం డిగ్రీ కావాలని నాకు అప్పట్లో తెలియదు. తెలిసి ఉంటే చదువుకున్నవాళ్లకే వదిలేసేవాణ్ణి.

ముందు స్థలం చూపిస్తాను. లింబాయత్‌లో వరుస గదుల కట్టడం, రెండో అంతస్తు. గది ఒకటి, వంటకు మూల ఒకటి, ముందు చాపంత వరండా. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, నేను పళ్లు తోముకోవడం, మా ఆవిడ లావణ్య నన్ను తోమడం అన్నీ ఆ వరండాలోనే. ఆ వరండా మూలన నిలబడి ఉండేది మా మామ మగ్గం కట్టె.

మామ సిరిసిల్ల దిక్కున చేమగ్గం నేసేవాడు. ఆయన పోయాక మగ్గాన్ని విప్పి తలో ముక్క పట్టుకుపోతుంటే, మా అత్త రాజవ్వ ఒక్క కట్టెను మాత్రం ఒడిసిపట్టుకుంది. నేసిన బట్ట చుట్టుకునే మామిడి దుంగ అది. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ దుంగను రైల్లో తన పక్కనే కూర్చోబెట్టుకుని తెచ్చింది. "ఈ కట్టె ఏందమ్మా?" అని టీసీ అడిగితే, "మా ఇంటాయనది" అని చెప్పిందట. ఆయన ఇంకేం అడగలేదు.

వచ్చీరాగానే దాన్ని వరండా మూలన నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. అంతే, మామ మగ్గం కట్టె మా ఇంటి మల్లన్న అయింది. ఆదివారం ఆదివారం పసుపు, దీపం. మిగతా రోజుల్లో మా ఉతుకుడు నీళ్లు చిమ్మి దేవుడికి అభిషేకం. ఇలా నాలుగు వానకాలాలు గడిచాయి. కట్టె అడుగు భాగం నల్లబడింది, మెత్తబడింది, వేలితో నొక్కితే సొట్ట పడేది. నేనెందుకు పట్టించుకుంటాను? దేవుడి కాళ్లు ఎందుకు మెత్తబడ్డాయని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇక కథ. ఆ ఏడు కొమురవెల్లి మల్లన్న జాతరకు పోవడం కుదరలేదు. నేను కడోదరాలో మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాను. సరిగ్గా జాతర రోజుల్లోనే సేఠ్‌కు ఆర్డర్లు వచ్చిపడ్డాయి, సెలవు దొరకలేదు. అత్త అన్నం మీద అలిగినట్టు మూలన కూర్చుంది.

"మొక్కు తప్పిన బిడ్డా. మల్లన్నకు మన మీద కోపమొస్తది."

"రాదు అత్తమ్మా. ఆయనకు తెల్వదా మన తిప్పలు?"

"ఏం దెలుస్తది? ఆయన కొండ మీదుండె. ఈ సూరత్‌ల మన గల్లీ ఆయనకెవరు చూపిస్తరు?"

ఇదీ ఆమె బాధ. దేవుడికి అడ్రసు తెలియదని.

తర్వాతి ఆదివారం పొద్దున్నే నోట్లో బ్రష్షు పెట్టుకుని వరండాలోకి వచ్చాను. కట్టె మొదట్లో చిన్న కుప్ప. పసుపుపచ్చని పొడి, పిండికన్నా మెత్తన, ఎవరో కూర్చుని జల్లెడ పట్టి పోసినట్టు. రాత్రి లావణ్య కడిగిన నేల మీద, ఎవరూ పోయకుండా వచ్చిన పొడి.

నా నోరు ఊరుకునే రకం కాదు. బ్రష్షు ఉన్నా ఊరుకోదు.

"అత్తమ్మా! ఓ అత్తమ్మా! జర ఇట్ల రా!"

"ఏమైంది బిడ్డా?"

"నువ్వు పోలేదని మల్లన్ననే అచ్చిపోయిండు. గిదో, బండారి తెచ్చిపెట్టిండు. పార్శిల్ అందిందని ఏలిముద్ర ఎయ్యి."

బండారి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మల్లన్న దగ్గర నొసట పెట్టే పసుపుపొడి. జాతర నుంచి వచ్చినవాళ్లు చిటికెడు తెస్తే ఇంటిల్లిపాదీ పెట్టుకుంటాం, నాలుక మీద కూడా వేసుకుంటాం.

అత్త నవ్వుతుందని చూశాను. నవ్వలేదు. ఆ కుప్ప వైపు చూసింది. మారు మాట లేకుండా లోపలికి పోయి స్నానం చేసి, తడి చీరతో వచ్చి దీపం ముట్టించింది. ఆ పొడిని చిటికెడు తీసి నొసట పెట్టుకుంది. ఇంకో చిటికెడు నాలుక మీద వేసుకుంది. కళ్లలో నీళ్లు.

"అడ్రస్ దొరికింది బిడ్డా ఆయనకు," అంది.

నేను నోట్లో నురగతో నిలబడ్డాను. ఆ ఘడియలో "అత్తమ్మా, పరాచికానికి అన్న" అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. మీ పొద్దూ నా పరువూ రెండూ మిగిలేవి. కాని అత్త అప్పటికే నా నొసట బండారి రాసి, "నోరు తెరువు" అని నా నాలుక మీద కూడా ఇంత వేసింది. పేస్టు నురగతో కలిసి గొంతులోకి దిగింది. ఇక ఏం మాట్లాడతాను?

సరే, ఆమె ఒక్కతే నమ్మి ఉంటే ఫరవాలేదు. ఆర్డర్ల వల్ల ఆ ఆదివారం కూడా నేను కార్ఖానాకు పోయాను. నా మగ్గాల సంగతి మీకు తెలియదు. పోగు తెగందే వాటికి అన్నం అరగదు. అటు ముడి వేసి ఇటు తిరిగేలోపు ఇటు తెగుతుంది. అలాంటివి ఆ రోజు సాయంత్రం దాకా బుద్ధిగా, పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లల్లా నడిచాయి. పక్క మగ్గాల ఐలయ్య వచ్చి నా నొసలు చూశాడు.

"ఏందిరా రమేశా, పచ్చగున్నవ్?"

"బండారి. మా మల్లన్న సొంతంగ రాల్చిండు."

"ఏడ?"

"మా వరండాల."

"నాకు జర పెట్టవా? నా మూడో మగ్గం రోజు సతాయిస్తది."

మర్నాడు పొద్దున లేచి చూస్తే మళ్లీ అంతే కుప్ప. అబద్ధమాడేవాడికి ఒకటే ప్రమాదం. మరీ బాగా ఆడితే తనే నమ్ముతాడు. నేను చేతులెత్తి దండం పెట్టాను. మొదటి రోజు పరాచికం, రెండో రోజు భక్తి. మూడో రోజుకు నేను పూజారిని.

అవును, పూజారినే. ఐలయ్యకు పొట్లం కట్టి ఇస్తే, అతని మూడో మగ్గం నిజంగానే నడిచింది. (తర్వాత తెలిసిందేమంటే, మేస్త్రీ ముందురోజే దానికి కొత్త బెల్టు వేయించాడు. ఐలయ్య ఆ ముక్క నాకు చెప్పలేదు. చెప్పినా నేను వినేవాణ్ణి కాను.) అతను మా ఊరివాళ్ల వాట్సాప్ గుంపులో కట్టె ఫొటో పెట్టాడు. ఆదివారం వచ్చేసరికి మా మెట్ల మీద జనం. నేను గడప దగ్గర నిలబడి, "చెప్పులు కిందనే ఇడువుండ్రి, నూకుకోకుండ్రి, అందరికి దొరుకుతది" అంటున్నాను. న్యూస్‌పేపరు ముక్కల్లో చిటికెడు చిటికెడు పొట్లాలు. పొడి తక్కువ, భక్తులు ఎక్కువ అయినప్పుడు ఏం చేశానో తెలుసా? కట్టెను మెల్లగా వేలితో కొట్టేవాణ్ణి. జలజలా ఇంకొంత రాలేది. అడిగితే ఇచ్చే దేవుడు!

పై అంతస్తు కోకిలాబెన్ కూడా దిగొచ్చింది. "రమేశ్‌భాయ్, మనే పణ్ థోడు ఆపోనే" అని చేయి చాపింది, నాకూ కొంచెం పెట్టమని. వాళ్లాయనకు ఎప్పుడూ గ్యాసు. దేవుడికి భాషతో పనేముంది? ఆమెకూ ఒక పొట్లం.

లావణ్య ఒక్కతే మొదటినుంచీ నా మొహం వంక అదోలా చూస్తోంది. ఆమె తెలుగు విద్యార్థులకు అన్నం డబ్బాలు వండి ఇస్తుంది. రోజూ పదిమంది కుర్రాళ్ల సాకులు వినే మనిషి కాబట్టి, మొగుడి సాకు రెండు గదుల అవతల ఉన్నా వాసన పట్టగలదు.

"నువ్వు ఆ పొద్దు నవ్వుకుంట పిలిచినవ్ గదా అమ్మను?"

"భక్తి ఎక్కువైతే నవ్వొస్తది."

"ఏదో రోజు నీకు ఏడుపొస్తది సూడు," అంది. మా ఆవిడ నోటికి వచ్చిన మాట రిజర్వేషన్ చేసుకున్న బెర్తు లాంటిది, తప్పదు.

ఒక పొద్దున అంట్లు తోముతూ లావణ్య కేక వేసింది. పోయి చూస్తే, కట్టె మొదట్లో తమలపాకు మీద అత్త షుగరు గోళీల అట్టలు. నిండుగా ఉన్నాయి. ఒక్క గోళీ కూడా ఊడలేదు.

"అమ్మా! ఏందిది? గోళీలు ఏస్కుంటలేవా?"

అత్త ప్రశాంతంగా బియ్యం ఏరుతోంది. "ఆయనకే అప్పజెప్పిన బిడ్డా. రెండు దిక్కుల నమ్మితే ఆయనకు కోపమొస్తది. పొద్దుకు ఇంత బండారి ఏస్కుంటున్న, సాలు."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఇంకెవరు, అల్లుడే. ఐలయ్యతోని అనలేదా, 'సర్వరోగాలకు ఒక్కటే' అని?"

లావణ్య నా వైపు తిరిగింది. ఆ చూపులో పచ్చి మిరపకాయ వేసి ఉంటే బజ్జీ అయి లేచేది.

అన్నాను. నిజంగానే అన్నాను. పూజారులకు ఆ మాత్రం ప్రచారం తప్పదు కదా అని అన్నాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను అందరి నాలుకల మీదా పొడి వేసి, అత్త మందునే ఊడగొట్టాను.

"అత్తమ్మా, గోళీలు ఏస్కో. బండారి గూడ ఏస్కో. దేని పని దానిదే."

"అంటే నీకే నమ్మకం లేదా బిడ్డా?"

ఏమని చెప్పను? పూజారే నమ్మకం లేదంటే గుడి ఏం కావాలి? నీళ్లు నమిలాను. అత్త మాత్రం నిజం నీళ్లే తాగుతోంది, చెంబుల కొద్దీ. అరికాళ్లు మంటలంటోంది. రెండు రోజులకు బట్టలు ఆరేస్తూ గోడ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆటోలో వేసుకుని మన తెలుగు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె సూది గుచ్చి చూసి, మిషను మీద అంకె చూసి, తర్వాత నన్ను చూసింది.

"గోళీలు ఎందుకు ఆపేశారు?"

లావణ్య అంది: "మా ఆయన దేవుణ్ణి తెచ్చిండు మేడం."

డాక్టరమ్మ అర్థం కానట్టు చూసి, అర్థం అక్కర్లేదన్నట్టు గట్టిగా చెప్పింది. రోజూ రెండుసార్లు, తిన్న తర్వాత. నేను సగం చెవే పెట్టాను, మిగతా సగం గుమ్మంలో కిరాయి అడుగుతున్న ఆటోవాడి దగ్గరుంది. ఇంకా కొన్నాళ్లు ఇలాగే పోతే కళ్లకు, కిడ్నీలకు ముప్పు. అత్త బుద్ధిగా తల ఊపింది. ఇంటికి వచ్చింది. కొత్త గోళీలు తమలపాకు మీద పాత గోళీల పక్కన పెట్టి దండం పెట్టింది.

ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నవ్వు రాలేదు కూడా. మీరు నవ్వాలనుకుంటే నవ్వండి, తర్వాత మళ్లీ మొదలుపెడతాను.

మర్నాడు అన్నం డబ్బా కోసం మానస వచ్చింది. హన్మకొండ పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో ఏదో రీసెర్చి. దేని మీద అని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. లావణ్య లోపల డబ్బా సర్దుతుంటే ఆ పిల్ల వరండాలో నిలబడింది. కట్టె వంక చూసింది. చెప్పులు విప్పి, రెండు మోకాళ్ల మీద వంగింది.

నేను సంతోషించాను. చదువుకున్న పిల్ల కూడా మొక్కుతోంది! "పెట్టుకో చెల్లె, పెట్టుకో. నాలిక మీద గూడ ఏస్కో."

ఆమె నాలుక మీద వేసుకోలేదు. సంచిలోంచి చిన్న భూతద్దం తీసి కట్టెకు కన్ను ఆనించింది. చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా తల ఎత్తింది.

"అన్నా, ఈ పొడి ఎవలన్న తింటుండ్రా?"

"సూరత్ సగం తింటుంది."

"అన్నా... ఇది బండారి గాదు. ఈ కట్టెల పురుగులున్నయి. అవి కట్టెను తిని, వదిలినయి ఇవి."

"వదిలినయి అంటే?"

"అదే అన్నా."

"అదే అంటే?"

ఆమె సిగ్గుపడి లావణ్య వైపు చూసింది. లావణ్యకు వెంటనే అర్థమైంది. కడుపు పట్టుకుని గడప మీద కూలబడి నవ్వసాగింది. నాకు చివరగా అర్థమైంది. అర్థమైన వెంటనే నా నాలుక నోట్లోనే ముడుచుకుని ఎటు పోవాలో తెలియక తిరిగింది. రోజూ పరగడుపున! పళ్లు తోమిన నోటితో!

"మరి పచ్చగెందుకున్నది?"

"ఇన్నేండ్ల సంది పసుపు రాస్తుండ్రు గద, కట్టె పీల్చుకున్నది. తడికి బూజు పట్టి మెత్తబడ్డది. గసుంటి చచ్చిన కట్టెనే వీటికి ఇల్లు, అన్నం. అన్నా, నేను చదివేది వీటి గురించే. ఇంత చిన్నయి, వీటి కుటుంబాన్ని పట్టించుకునేటోళ్లే లేరు. తిరగని అడవి లేదు. మీ వరండాల దొరికినయి!"

ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. నా మొహం గురించి రాయను. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు, ఇక్కడ పురుగు కొంచెం, పొట్లాలు ఘనం. ఐలయ్య గుర్తొచ్చాడు. కోకిలాబెన్ వాళ్లాయన గ్యాసు గుర్తొచ్చింది. అయినా ఒక్క మంచి జరిగింది. ఇప్పుడు అత్తకు నిజం చెప్పొచ్చు. నిజం వింటే ఛీ అని ఉమ్మి, గోళీలు వేసుకుంటుంది. అంత తేలిక!

"అత్తమ్మా, కూసో. ఒక మాట. గది బండారి గాదంట. పురుగుల... పురుగులు కొరికిన పొడి అంట. ఈ పిల్ల చదువుకున్నది, అద్దం పెట్టి చూసింది."

అత్త కోపం తెచ్చుకోలేదు. నా వైపు జాలిగా చూసింది.

"శివుని ఆజ్ఞ లేనిది చీమన్న కుట్టదంటరు. మరి ఆయన ఆజ్ఞ లేకుండ పురుగు ఎట్ల కొరికింది బిడ్డా?"

నేను మానస వైపు చూశాను. మానస లావణ్య వైపు చూసింది. లావణ్య పైకప్పు వైపు చూసింది. యూనివర్సిటీలో ఆ ప్రశ్నకు జవాబు లేదట.

ఇక్కడ తెలివైనవాడైతే ఆగిపోతాడు. నేను ఇంకో మెట్టు ఎక్కాను. దేవుడి పేరు మీద మొదలైన పంచాయితీ దేవుడే తీర్చాలి కదా! అత్త ఎవరి మాటా వినదు, మల్లన్న మాట వింటుంది. కాబట్టి మల్లన్న మాట్లాడాలి. కొమురవెల్లిలో పూనకాలు చూశాను. అందులో ఏముంది? ఊగాలి, అరవాలి, కళ్లు తిప్పాలి. మూడూ నాకు జీతం రోజున సేఠ్ ఎదుట అలవాటైనవే.

ఆదివారం అత్త దీపం పెట్టి ఊదు వేయగానే వెనకనుంచి, "హోయ్!" అని ఎగిరాను. చాపంత వరండా, ఎగిరితే తల దండేనికి తగిలి లావణ్య తడి లంగా నా మెడలో పడింది. అయినా ఆగలేదు. దేవుడు లంగాతోనే ఊగాడు.

అత్త చేతులు జోడించింది. "ఎవరివి దేవుడా?"

"నేనే! మల్లన్నను!"

"అచ్చినవా తండ్రీ! ఏం గావాలె నీకు? బోనమా, ముగ్గులేసే పట్నమా?"

"గోళీలు!" అని గర్జించాను. "నువ్వు గోళీలు ఏస్కోవాలె! పొద్దుగాల ఒకటి, మాపు ఒకటి! నా ఆజ్ఞ!"

"అట్లనే దేవుడా. డాక్టరమ్మ తినకముందు ఏస్కోమన్నది. గదే గదా నీ ఆజ్ఞ?"

"ఆఁ... తినకముందే! తినకముందే!"

అత్త జోడించిన చేతులు దించింది. "డాక్టరమ్మ తిన్నంక అని చెప్పింది. అల్లుడు ఆటోవానితోని మాట్లాడుకుంట ఇననే లేదు. దేవుడు గూడ ఇనలేదా?"

లావణ్య కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఊగడం కాస్త ఎక్కువ చేశాను, మాటకు మాట దొరకనప్పుడు అదే దారి. అత్త లేచి, కర్పూరం బిళ్ల ముట్టించి అరచేతంత పళ్లెంలో నా ముందుకు చాపింది.

"మా ఊర్ల శివసత్తులకు దేవుడొస్తే మండే కర్పూరం నోట్లె ఏస్కుంటరు. నువ్వే మల్లన్నవైతే గిదో, నోరు తెరువు తండ్రీ."

మంట చూశాను. మల్లన్న కూడా చూశాడు. ఆయన ఆ క్షణాన్నే నన్ను వదిలిపెట్టి కొమురవెల్లికి బయలుదేరాడు, లంగా మాత్రం నా మెడలోనే ఉంచి. "అరే... నేనేడున్న? ఏమైంది నాకు?" అని కళ్లు నులుముకున్నాను.

"నీకేం గాలేదు అల్లుడా," అంది అత్త, కర్పూరం కట్టె ముందు పెడుతూ. "నీకు ఎప్పుడూ ఏం గాదు. గదే నీ రోగం."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో ఓడి, వరండాలో కూడా ఓడాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఈసారి పరాచికం లేకుండా, "అత్తమ్మా, ఆ పొద్దు నేను నవ్వులాటకే అన్న. నీకేమన్న అయితే నేను బతకలేను. ఒక్క గోళీ ఏస్కో," అన్నాను.

"నువ్వు నవ్వులాటకన్నవని నాకు తెల్వదా బిడ్డా? నీ మొఖం నేను చూడలేదా?" అంది. "నువ్వు నవ్వులాటకంటే అన్నవ్. పొడి అయితే నిజంగ పడ్డది గద."

ఇంతలో మానస వచ్చింది, డబ్బా కోసం కాదు, కట్టె కోసం. కొన్ని దినాలు దీన్ని కొట్టొద్దు, కడగొద్దు, పురుగులు బయటికి వచ్చే వేళయిందని చెప్పడానికి. లావణ్య ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల వాదన పెట్టుకోలేదు. అత్త పక్కన చతికిలబడి, భూతద్దం ఆమె చేతిలో పెట్టింది.

"అమ్మమ్మా, జర చూస్తవా? నువ్వే చూడు. నేను ఏం చెప్ప."

అత్త చూసింది. మొదట ఏమీ కనబడలేదంది. ఎక్కువ దగ్గర పెట్టానంది. తర్వాత అద్దాన్ని కొంచెం వెనక్కి జరిపింది. కట్టెలో ఒక సన్నని రంధ్రం అంచున, పసుపు పొడి మధ్యన, నిగనిగలాడే నల్లని చుక్క ఒకటి బయటికి తల పెట్టి ఆగింది. తల మీద రెండు మీసాలు అటూ ఇటూ ఆడిస్తోంది.

"అయ్యో నా తండ్రీ!" అంది అత్త. "కోరమీసాలు!"

అంతే, ఇక అయిపోయిందనుకున్నాను. మా మల్లన్నను పిలిచేదే కోరమీసాల మల్లన్న అని. చదువు తెచ్చిన అద్దమే దేవుడికి సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు అత్త డాక్టరమ్మను కూడా పిలిచి బండారి పెడుతుంది.

కాని ఆమె అద్దం దించలేదు. "ఇది బతుకంత ఈ కట్టెలనేనా బిడ్డా?"

"అవునమ్మమ్మా. పుట్టింది మొదలు లోపలనే, చీకట్ల. కట్టె కొరుక్కుంట పెరుగుతది. రెక్కలొచ్చినంకనే బయటికి."

"మీ తాత గూడ గంతే," అంది అత్త. "మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసుంటే పొద్దు ఎప్పుడు గూకిందో తెల్వకపోయేది. ఈ కట్టెకే అతుక్కొని బతికిండు." మళ్లీ అద్దంలో చూసింది. "ఇంతంత నోరు. ఎండిన కట్టె. ఉప్పు లేదు, కారం లేదు. నమిలి నమిలి బతుకుతుండు, ఒక్కనాడన్న చేదున్నదన్నడా?"

అత్త చేయి చాపి తమలపాకు మీది అట్ట తీసింది. ఒక గోళీ ఒత్తింది.

"దేవుడే కట్టె నములుతుంటే నేను గింత గోళీ మింగలేనా? లావణ్యా, అన్నం పెట్టు. తిన్నంక ఏస్కుంట." నా వైపు చూసి, "తిన్నంక. ఇన్నవా దేవుడా?" అంది.

ఆనాటి నుంచి నేటి దాకా అత్త గోళీ తప్పలేదు. బండారి తినడం మాత్రం మానేసింది, పురుగుల మీది అసహ్యంతో కాదు. "ఆయన తిని వదిలింది ఆయనకే ఉండనీ, జనం నోట్ల పెట్టి ఎంగిలి చెయ్యొద్దు" అని. పురుగులు బయటికి రావడం చూసి మానసకు ఫోన్ చేసేది అత్తే, భూతద్దం ఇప్పటికీ ఆమె బొడ్డుసంచిలోనే ఉంది. ఐలయ్యకు నిజం చెబితే వారం రోజులు మాట్లాడలేదు. కోకిలాబెన్‌కు చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వాళ్లాయన గ్యాసు తగ్గిందని మొన్ననే మిఠాయి పంపింది. తిన్నాం.

అత్త ఒక్క షరతు పెట్టింది, నేను కట్టె ముందు నిలబడి ప్రమాణం చేయాలని. చేశాను. స్నానం చేసి, తడి బట్టలతో, లావణ్య సాక్షిగా, మానస సాక్షిగా, కోరమీసాల పురుగు సాక్షిగా చెప్పాను: "ఇక మీద దేవుని పేరు మీద పరాచికమాడను. నాకు తెలియని పొడిని నేను ముట్టను, ఇంకొకరి నోట్లో పెట్టను. మాట తప్పితే నా మగ్గాల పోగులన్నీ ఒకేసారి తెగుగాక."

గంభీరంగా కళ్లు మూసుకున్నాను. వంగి కట్టె మొదలు తాకాను. వేలు నొసటికి ఆనించాను. ఆ తర్వాత, అలవాటు చెడ్డది కదా, అదే వేలు నాలుక మీద పెట్టుకున్నాను.

వరండాలో ముగ్గురు ఆడవాళ్లు ఒకేసారి "ఛీ!" అన్నారు.